అరలో లేని పుస్తకాన్ని రప్పించుకోవడం ఎలా

విశాఖలో సొంతిల్లు ఉన్న ప్రతివాళ్ళూ గ్రంథాలయాలకి డబ్బు కడుతున్నారు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. దాని ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఐదు వేల పన్ను మీద అది 400 రూపాయలు. ఇంత కట్టి, లైబ్రరీకి వెళ్ళి, కావలసిన పుస్తకం అరలో కనిపించకపోతే "లేదట" అని తిరిగొచ్చేసేవాళ్ళే ఎక్కువ. అరలో కనిపించకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ఎవరో తీసుకెళ్ళి ఉండొచ్చు, తప్పు అరలో పెట్టి ఉండొచ్చు, బైండింగుకి వెళ్ళి ఉండొచ్చు, వేరే శాఖలో ఉండొచ్చు, మనం వెతికిన పేరు మీద కాకుండా మరో పేరు మీద నమోదై ఉండొచ్చు. అసలు కొననే లేదన్నది వీటన్నిటి తర్వాత వచ్చే కారణం. ఏ కారణమో తేలితే పుస్తకం సగం చేతికొచ్చినట్టే.

ముందుగా ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో తెలిసుండాలి. జిల్లా గ్రంథాలయ సంస్థ కింద జిల్లా కేంద్ర గ్రంథాలయం, దాని శాఖలు ఉంటాయి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం ఈ వ్యవస్థలోది కాదు, అది ఒక సొసైటీ నడిపేది. దాని సభ్యత్వం వేరు. ఆంధ్రా విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ప్రధానంగా అక్కడి విద్యార్థులకీ అధ్యాపకులకీ. బయటివాళ్ళు అక్కడికి వెళ్ళేది కూర్చుని చూసుకోవడానికి, అదీ అనుమతి తీసుకుని. ఈ మూడిట్లో ఒకదాని కార్డు పట్టుకుని ఇంకోదాని కౌంటర్ దగ్గర అడిగితే పని జరగదు.

జిల్లా సంస్థ శాఖలో చేరేటప్పుడు ఆధార్, చిరునామా రుజువు, ఫోటోలు, డిపాజిట్ సొమ్ము పట్టుకెళ్ళండి. కొన్నిచోట్ల ఫారం మీద గెజిటెడ్ అధికారి సంతకం గానీ, తెలిసినవాళ్ళ పూచీ గానీ అడుగుతారు. డిపాజిట్ రశీదు పారేయకండి, సభ్యత్వం వదులుకునే రోజున ఆ సొమ్ము వెనక్కి రావాలంటే అదే ఆధారం. ఒక శాఖలో తీసుకున్న కార్డు మీద ఇంకో శాఖ పుస్తకం ఇస్తుందా అన్నది చేరే రోజే అడగండి. గాజువాకలో ఉంటూ మద్దిలపాలెంలో పనిచేసేవాళ్ళకి ఇది పెద్ద తేడా. వేళలు కూడా చూసుకోవాలి. చాలా శాఖలు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తాయి. వారపు సెలవు ఎక్కువచోట్ల ఆదివారం కాదు, శుక్రవారం. గుమ్మం దగ్గర బోర్డుని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక వెతకడం. బయట ఉన్న పుస్తకం రాగానే మన కోసం పక్కన పెట్టించుకోవడమే రిజర్వేషన్. రిజర్వేషన్లు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే, రిజర్వు చెయ్యడానికి ముందే. క్యాటలాగు కార్డులైనా కంప్యూటరైనా, తెలుగు పుస్తకం మూడు నాలుగు వేషాల్లో ఉంటుంది. మన ఊరి రచయితల్నే తీసుకోండి. శ్రీశ్రీ పుస్తకం "శ్రీశ్రీ" కింద ఉండొచ్చు, "శ్రీరంగం శ్రీనివాసరావు" కింద ఉండొచ్చు. ఆరుద్ర "భాగవతుల సదాశివ శంకర శాస్త్రి" కావచ్చు. రావిశాస్త్రి "రాచకొండ విశ్వనాథశాస్త్రి" కావచ్చు, లేదా ఇంటిపేరు పొడి అక్షరమై "రా. విశ్వనాథశాస్త్రి" కావచ్చు. కలంపేరుతో ఒకసారి, ఇంటిపేరుతో ఒకసారి, పుస్తకం పేరులో అరుదైన మాట ఒకదానితో ఇంకోసారి వెతకండి. "కథలు" అన్న మాటతో వెతకడం మొదలుపెట్టొద్దు. సగం మంది నమోదు చేసేటప్పుడు "కధలు" అని కొడతారు, "గ్రంథం" "గ్రంధం" అవుతుంది. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు మాటలు.

కంటికి కనిపించని చిక్కు ఇంకొకటి ఉంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట్ కిందికి వ ఒత్తు దిగకుండా ఆపడానికి మధ్యలో ఒక కనిపించని గుర్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. నమోదు చేసినవాళ్ళు పెట్టి, మీరు పెట్టకపోతే ఫలితం సున్నా రావచ్చు. పొల్లు, ఆ వెంటనే హల్లు వచ్చే మాటల్ని వదిలేసి పేరులో మరో మాటతో వెతకడం దీనికి సులువైన మందు. యూనికోడ్ రాకముందు పాత ఫాంట్లలో కొట్టిన రికార్డులైతే తెరమీద అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తాయి. వాటిని తెలుగులో ఎంత వెతికినా దొరకవు. అక్కడ లైబ్రేరియన్‌ని అడిగి యాక్సెషన్ రిజిస్టర్, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి కాపీనీ వరసగా రాసుకునే పుస్తకం, చూడటమే మార్గం.

విశ్వవిద్యాలయాల క్యాటలాగుల్లో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. అక్కడ పాటించే పద్ధతి మనం ఫోన్‌లో కొట్టే పద్ధతి కాదు. చ కి "సిహెచ్" రాయరు, ఒట్టి "సి" రాస్తారు. శ కి "ఎస్‌హెచ్" బదులు పైన గీతతో "ఎస్" రాస్తారు. దీర్ఘాలకి అక్షరాన్ని రెండుసార్లు రాయకుండా పైన అడ్డగీత పెడతారు. గీతలూ చుక్కలూ మీరు కొట్టకపోయినా చాలా క్యాటలాగులు సర్దుకుంటాయి, అక్షరాల సంఖ్య మారితే మాత్రం సర్దుకోవు. కాబట్టి రాచకొండ అని వెతికేటప్పుడు "సిహెచ్"తో రాకపోతే "సి"తో కొట్టి చూడండి. శ్రీ కి "ఇ" రెండు కాదు, "ఐ" ఒకటి.

పుస్తకం దొరికాక రెండు అంకెలు రాసుకోవాలి. కాల్ నంబరు అది ఏ అరలో ఉంటుందో చెబుతుంది. పుస్తకాల్ని విషయాన్ని బట్టి అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. దాని చివర 1 చేరితే కవిత్వం, 2 చేరితే నాటకం, 3 చేరితే నవలా కథా. యాక్సెషన్ నంబరు మాత్రం ఆ ఒక్క కాపీది. ఒకే నవల నాలుగు కాపీలుంటే కాల్ నంబరు ఒకటే, యాక్సెషన్ నంబర్లు నాలుగు. "ఈ పుస్తకం ఏదైనా ఒక కాపీ చాలు" అని అడిగేటప్పుడు కాల్ నంబరు, "ఈ కాపీయే కావాలి" అన్నప్పుడు యాక్సెషన్ నంబరు పనికొస్తాయి.

ఇప్పుడు రిజర్వేషన్. ఇంకా కార్డులూ టికెట్ల మీద నడిచే శాఖలో అది ఎలా జరుగుతుందో దగ్గరగా చూడండి. ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల ఒక చిన్న కాగితపు జేబు, అందులో బుక్ కార్డు ఉంటాయి. ఆ కార్డు మీద యాక్సెషన్ నంబరు, రచయిత, పేరు ఉంటాయి. సభ్యుడికి ఇచ్చే టికెట్టు కూడా జేబులా ఉంటుంది, ఒక టికెట్టుకి ఒక పుస్తకం. పుస్తకం ఇచ్చేటప్పుడు బుక్ కార్డుని టికెట్టులో దూర్చి, తిరిగివ్వాల్సిన తేదీ వెనక ట్రేలో నిలబెడతారు. పుస్తకంలోని తేదీ చీటీ మీద అదే తేదీ ముద్ర పడుతుంది. తిరిగొచ్చినప్పుడు చీటీ మీది తేదీ చూసి, ట్రేలో ఆ తేదీ దగ్గర యాక్సెషన్ నంబరుతో కార్డు వెతికి, మళ్ళీ పుస్తకంలో పెట్టి, టికెట్టు మనకిస్తారు.

ఈ పద్ధతిలో ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో సభ్యుడి పేరుతో వెతికి చెప్పలేరు. ట్రే అంతా తేదీల వారీగా ఉంటుంది. రిజర్వు చెయ్యాలంటే లైబ్రేరియన్ ఒక్కో తేదీ గుత్తీ తిరగేసి ఆ యాక్సెషన్ నంబరు కార్డు పట్టుకుని, దానికి ఒక రంగు కాగితమో క్లిప్పో తగిలించాలి. పుస్తకం వచ్చిన రోజు ఆ కార్డు తీసేటప్పుడు రంగు కనిపిస్తుంది, అరలోకి పోకుండా కౌంటర్ వెనక ఆగుతుంది. రంగు కాగితం లేకపోతే రిజర్వేషన్ లేనట్టే. అందుకే "పుస్తకం వస్తే చెప్పండి సార్" అని నోటితో చెప్పి వెళ్ళిపోతే ఏమీ జరగదు. ఆయనకి గుర్తున్నా, ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్న ఇంకొకరికి తెలియదు. చీటీ రాసివ్వండి. అందులో పుస్తకం పేరు, రచయిత, యాక్సెషన్ నంబరు, మీ సభ్యత్వ సంఖ్య, ఫోన్ నంబరు ఉండాలి. ఏ ముద్రణైనా ఫరవాలేదా, ఎప్పటిలోగా కావాలి అన్నవి కూడా రాయండి. ఈ చివరి రెండూ ఎవరూ రాయరు, అవే ఎక్కువ ఉపయోగపడతాయి. పోటీ పరీక్షల పిల్లలు వరసగా నిలబడ్డ సాయంత్రం ఆరింటికి ట్రే తిరగేయమని అడక్కండి. పొద్దున తెరిచిన కాసేపటికి వెళ్తే ఓపిగ్గా చూస్తారు.

మన శాఖలో లేకపోతే "ఏ శాఖకి ఇచ్చారు మేడమ్?" అని అడగాలి. సంస్థ కొన్న పుస్తకాలు శాఖలకి పంచుతారు కాబట్టి, ఒక శాఖలో లేనిది పెందుర్తిలోనో భీమునిపట్నంలోనో ఉండే అవకాశం బాగానే ఉంది. పుస్తకాన్ని ఇక్కడికి తెప్పించమనడం కన్నా అక్కడ ఉందని ఫోన్‌లో నిర్ధారించుకుని, పక్కన పెట్టించుకుని, మనమే వెళ్ళడం త్వరగా తేలే పని. శాఖల మధ్య పుస్తకాలు తిప్పడానికి బండీ మనిషీ ఉండాలి, ఆ రెండూ ఎప్పుడూ తక్కువే.

కోహా లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టిన లైబ్రరీల్లో ఇంటి నుంచే హోల్డ్, అంటే రిజర్వేషన్, పెట్టొచ్చు. న్యూజిలాండ్‌లో ఒక గ్రామీణ లైబ్రరీ కోసం పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, మన కాలేజీల్లో విరివిగా కనిపిస్తుంది. లాగిన్ అయ్యి, పుస్తకం రికార్డు తెరిచి, హోల్డ్ నొక్కి, ఎక్కడ తీసుకుంటారో ఆ శాఖ ఎంచుకోవాలి. అక్కడ "అందుబాటులోకి వచ్చే మొదటి కాపీ" అని ఒకటి, "ఫలానా కాపీ" అని ఒకటి కనిపిస్తాయి. మామూలు పుస్తకానికి ఎప్పుడూ మొదటిదే ఎంచుకోండి. ఫలానా కాపీ అని పెట్టి, ఆ కాపీ పోయిందనుకోండి, పక్కనే మూడు కాపీలు ఖాళీగా ఉన్నా మీ వంతు రాదు.

సంపుటాలుగా వచ్చిన పుస్తకాలకి మాత్రం ఈ మాట తిరగబడుతుంది. ఆరుద్ర "సమగ్ర ఆంధ్ర సాహిత్యం" లాంటిది కొన్ని లైబ్రరీలు అన్ని సంపుటాల్నీ ఒకే రికార్డు కింద నమోదు చేస్తాయి. అక్కడ మొదటి కాపీ అన్నారంటే మీకు ఐదో సంపుటం కావాల్సి ఉంటే రెండోది వస్తుంది, దాంతో మీ హోల్డ్ తీరిపోయినట్టే లెక్క. సంపుటాల విషయంలో ఆ సంపుటం బార్‌కోడ్ చూసి దాని మీదే పెట్టాలి. ఇంకో ఇబ్బంది, ఒకే పుస్తకానికి రెండు రికార్డులు ఉండటం. పేరు ఒకసారి "కథలు" ఒకసారి "కధలు" అని నమోదైతే, హోల్డ్ ఒక రికార్డు మీద ఉంటుంది, కాపీ రెండోదాని కింద ఖాళీగా కూర్చుంటుంది. రెండూ కనిపిస్తే లైబ్రేరియన్‌కి చెప్పండి, కలిపేయడం వాళ్ళకి నిమిషాల పని.

ఎంతకాలం పడుతుందో లెక్క వేసుకోవచ్చు. రెండు కాపీలు, మీ ముందు నలుగురు, గడువు 14 రోజులు, పక్కన పెట్టిన పుస్తకం తీసుకోవడానికి 7 రోజులు అనుకుందాం. ఇప్పుడు బయట ఉన్న కాపీలు తిరిగి రావడానికి మహా అయితే 14 రోజులు. మొదటి ఇద్దరికీ 7, 14 కలిపి 21. తర్వాతి ఇద్దరికీ ఇంకో 21. మొత్తం 56 రోజులకి మీ వంతు. ఇది అందరూ గడువు చివరిదాకా ఉంచుకుంటే. ఎవరైనా ఆలస్యం చేస్తే లెక్క పెరుగుతుంది. పరీక్ష నలభై రోజుల్లో ఉంటే క్యూ మీద ఆధారపడకండి, బయటికివ్వని రిఫరెన్స్ కాపీ దగ్గర కూర్చుని నోట్సు రాసుకోండి. ఈ ఊళ్ళో సమస్య ఎక్కువగా పోటీ పరీక్షల పుస్తకాలకే వస్తుంది, సాహిత్యానికి ఇంత క్యూ ఉండదు.

ఆ 7 రోజులన్నది లైబ్రరీని బట్టి మారే అంకె. గడువులోగా వెళ్ళి తీసుకోకపోతే పుస్తకం తర్వాతివాళ్ళకి పోతుంది, మీ పేరు క్యూలోంచి తీసేస్తారు, మళ్ళీ చివర్నించి మొదలు. ఊరికెళ్తున్నారంటే హోల్డ్‌ని తాత్కాలికంగా నిలిపే వీలుంది, వెళ్ళే ముందే అది వాడుకోండి. వేరేచోట పుస్తకం దొరికితే హోల్డ్ రద్దు చెయ్యండి. అక్కర్లేని మనిషి కోసం వారం రోజులు పుస్తకం కౌంటర్ వెనక పడి ఉంటే వెనక ఉన్న వాళ్ళందరికీ వారం ఆలస్యం. ఎవరైనా హోల్డ్ పెడితే మీ చేతిలో ఉన్న పుస్తకానికి రెన్యువల్ సాధారణంగా దొరకదు. కాబట్టి ఆఖరిరోజు దాకా ఆగకుండా రెండు రోజుల ముందు రెన్యువల్ నొక్కి చూడండి, కుదరకపోతే చదవడం ముగించడానికి ఆ రెండు రోజులైనా ఉంటాయి.

తిరిగి ఇచ్చేటప్పుడు పుస్తకం కౌంటర్ మీద పెట్టి వచ్చేయకండి. దాన్ని స్కాన్ చేసేదాకా మీ ఖాతాలో అది మీ దగ్గరే ఉన్నట్టు. స్కాన్ కాకుండా అరలోకి వెళ్ళిపోయిన పుస్తకానికి జరిమానా పెరుగుతూ పోతుంది, పైగా దానికోసం క్యూలో ఉన్నవాళ్ళకి అది ఎప్పటికీ రాదు. అలా జరిగిందని అనుమానమొస్తే ఇల్లంతా వెతికే ముందు కాల్ నంబరు చూసుకుని అరలో వెతకండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది. టికెట్టు పద్ధతిలో అయితే మీ టికెట్టు మీ చేతికొచ్చిందా లేదా అన్నదే రుజువు. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి పంపిన పుస్తకం "దారిలో ఉంది" అని రోజుల తరబడి చూపిస్తుంటే, అది చేరిన శాఖలో స్కాన్ చేయలేదని అర్థం. చేరాల్సిన శాఖకే ఫోన్ చెయ్యాలి, పంపిన శాఖకి కాదు.

సముద్రం పక్కన ఊరు కాబట్టి పుస్తకం తెచ్చుకున్నాక చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కౌంటర్ దగ్గరే పేజీలు తిరగేసి చిరుగులు, బూజు మచ్చలు, ఊడిన పేజీలు ఉంటే చూపించి రాయించండి. లేకపోతే మీ పద్దులో పడతాయి. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్‌లో తెచ్చుకోవడం మంచిదే, ఇంటికి రాగానే బయటికి తీసేయాలి. కవర్‌లో చెమ్మ నిలిస్తే బూజు పడుతుంది. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది, పేజీలు అలలు పడతాయి. నీడలో ఫ్యాను కింద నిలబెట్టి, కొన్నేసి పేజీల మధ్య ముద్రలేని తెల్ల కాగితాలు పెట్టి, అవి తడవగానే మారుస్తూ ఆరబెట్టాలి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. నున్నటి మెరుపు కాగితం పేజీలైతే ఆరుతూ ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటి విషయంలో ఆలస్యం చెయ్యకుండా లైబ్రరీకి చెప్పడమే మేలు. ఊడిన పేజీకి సెల్లో టేప్ వెయ్యొద్దు. ఈ ఉక్కకి దాని జిగురు పసుపు మచ్చగా మారి అక్షరాల్లోకి దిగుతుంది. ఊడిన పేజీని దాని స్థానంలో ఉంచి అలాగే ఇచ్చేయండి.

ఊళ్ళో ఎక్కడా లేని పుస్తకానికి లైబ్రరీల మధ్య అరువు పద్ధతి ఉంది. డెల్‌నెట్ అనే లైబ్రరీల నెట్‌వర్క్ 1988లో ఢిల్లీ లైబ్రరీల కోసం మొదలై దేశమంతా పాకింది. సభ్యత్వం సంస్థలకి, అంటే మీ కాలేజీ లైబ్రేరియన్ ద్వారానే అడగాలి. పుస్తకం వచ్చేది ఆయన పేరు మీద, పూచీ ఆయనది. అందుకే గడువు విషయంలో ఆయన గట్టిగా ఉంటారు, ఉండాలి కూడా. కాలేజీతో సంబంధం లేనివాళ్ళకి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు చాలా ఉన్నాయి. పేర్లు అక్కడ రకరకాల ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఉంటాయి, పైన చెప్పినట్టే అక్షరాలు మార్చి మార్చి వెతకాలి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలైతే, వాటిని ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో చూడండి.

కావలసింది పుస్తకమంతా కాదు, అందులో ఒక వ్యాసమో అధ్యాయమో అయితే పుస్తకాన్ని అడక్కండి. రచయిత, వ్యాసం పేరు, పుటల సంఖ్యలు రాసిచ్చి ఆ పేజీల నకలు అడగండి. రిఫరెన్స్ పుస్తకం బయటికివ్వని లైబ్రరీ కూడా చాలాసార్లు దానికి ఒప్పుకుంటుంది. పుటల సంఖ్య తెలియకపోతే ముందు విషయసూచిక ఫోటో పంపమని అడగండి. జిరాక్స్, తపాలా ఖర్చులు ఎవరు పెట్టుకోవాలో ఆ చీటీ మీదే రాయించుకోండి.